వెనక పోసిన నీళ్ళు

ఆ సోమవారం పొద్దున అలివేలు ఇస్త్రీ బండి మీద ఇరవై నాలుగు కండువాలు వచ్చిపడ్డాయి. కొత్తవి, గంధం రంగువి, అంచు మీద నల్లగా ‘కావలి సేన’ అని అచ్చువేసినవి. తెచ్చినవాడు ముత్తురాజ్. ఆ వీధిలోనే పుట్టి, ఆ వీధిలోనే చీమిడి ముక్కుతో తిరిగి పెరిగినవాడు. ఇప్పుడు సేనకు వీధి కార్యదర్శి!

“అత్తా, గురువారం మా లీడరు తలైవరు వస్తా ఉండారు. ఎలక్షన్‌కి నిలబడతా ఉండారు గదా, మన వీధిలో రోడ్ షో. మడత నలక్కుండా చేసియ్యి,” అన్నాడు ఆమె మొహం వైపు చూడకుండా.

చూడడు మరి. ఏ మొహం పెట్టుకుని చూస్తాడు? పదమూడు నెలల కింద ఆమె మొగుడి శవానికి అడ్డంగా నిలబడినవాళ్ళలో వాడూ ఒకడు.

“ఆడ పెట్టి పో,” అంది అలివేలు.

ఇస్త్రీ పెట్టె మూత తీసి నిప్పులు ఊదింది. నిజం చెప్పాలంటే ఒక్క కండువానైనా నడిమికి కాల్చెయ్యాలని ఆమె చెయ్యి దురదపెట్టింది. కానీ ముప్పై ఏళ్ళలో ఒక్క గుడ్డ కాల్చని చెయ్యి అది. ఆ వెధవల కండువా కోసం దానికి చెడ్డపేరు తేవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఇరవై నాలుగూ చక్కగా రుద్ది మడతపెట్టింది, ఒక్కో మడతకూ ఒక్కో తిట్టు చొప్పున.

ఆమె మొగుడు ఆనంద్‌రాజ్ ప్లంబరు. ఉత్తర చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఆ నల్లబావి వీధికి ఉన్నవన్నీ చేతి పంపులే. ఏ ఇంట్లో పంపు గాలి కక్కినా, ఏ వాషరు అరిగినా ఆనంద్‌రాజ్ సంచి పట్టుకుని వచ్చేవాడు. చర్చికి పోయే మనిషి, మారెమ్మ గుడి పంపు కూడా ఆయనే బాగుచేసేవాడు. “నీళ్ళకు కులమేంది, మతమేంది?” అనేవాడు. అలాంటివాడు ఒక మధ్యాహ్నం పంపు దగ్గరే గుండె పట్టుకుని కూలబడి, ఆసుపత్రికి చేరేలోగా పోయాడు.

మర్నాడు శవపెట్టె లేచింది. ముందు పాస్టరు, వెనక అరవై మంది. అలివేలు ఇల్లు వీధి మొదట్లో ఉంటుంది. దాని పక్కనే మారెమ్మ గుడి. గుడి దాటాక ముప్పై వాకిళ్ళు, ఆ చివర మెయిన్ రోడ్డు. పెట్టె గుడి దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు గోవిందసామి, కావలి సేన నాయకుడు. కిరస్తానీ శవం గుడి ముందు నుంచి పోకూడదన్నాడు. ఈ వీధి మాది అన్నాడు. అన్నేళ్ళుగా ఎన్ని పెట్టెలు ఆ దారిన పోలేదు! గుడి పూజారికే లేని అభ్యంతరం వీడికొచ్చింది. ఇద్దరు పోలీసులు వచ్చి, గొడవెందుకమ్మా, పక్క నుంచి పొండి అన్నారు.

పక్క అంటే కాలవ సందు. ఇళ్ళ వెనకగోడల మధ్య మురుగు పారే సందు. అందులో పెట్టె బల్లపరుపుగా పట్టదు. వాలుగా తిప్పి, మోసేవాళ్ళు మోకాళ్ళ దాకా మురుగులో దిగి పట్టుకుపోయారు. తిప్పినప్పుడు లోపల ఆనంద్‌రాజ్ ఒక పక్కకు జారిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు అలివేలు చెవిలో ఉండిపోయింది. ఆరోజు ఆమె ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చి కూర్చుంది, లేవనంది.

ఇంకో మాట చెప్పాలి. ఆ వీధిలో ఒక అలవాటుంది. ఎవరి శవమైనా సరే, దారిలో ఏ వాకిలి దాటితే ఆ ఇంటి ఆడమనిషి గుమ్మం ముందు ఒక బిందె నీళ్ళు కుమ్మరిస్తుంది. మైల పోవడానికని కొందరంటారు. పోయేవాళ్ళకు దారిలో దాహం వెయ్యకుండా అని అలివేలు అత్త అమ్మాసి అంటుంది. ఏదైతేనేం, వెనక వీధి తడిస్తేనే మనిషిని సాగనంపినట్టు. దేవుడి ఊరేగింపుకూ నీళ్ళు పోస్తారు, కానీ ముందే పోస్తారు. వాకిలి కడిగి, ముగ్గేసి ఎదురుచూస్తారు. దేవుడికి ముందు, శవానికి వెనక. ఆ వీధిలో ఐదేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది.

ఆనంద్‌రాజ్ వెనక ఒక్క చెంబు నీళ్ళు పడలేదు. కాలవ సందులో వాకిళ్ళే లేవు, పోసేదెవరు? వీధికంతా నీళ్ళిచ్చిన మనిషి దాహంతోనే పోయాడు.

అప్పటినుంచి అమ్మాసికి ఒకటే దిగులు. ఎనభై ఆరేళ్ళ మనిషి, కిటికీ పక్క మంచం దిగదు. రోజుకోసారి అడుగుతుంది. “అలివేలా, నన్ను గూడా ఆ కాలవలోనించేనా తీసకపోయేది?”

“లేదత్తా. నిన్ను వీధిలోనించే తీసకపోతా. నా మీద ఒట్టు.”

ఒట్టయితే పెట్టింది. ఎలా తీసుకుపోతుందో ఆమెకే తెలియదు.

సోమవారం మధ్యాహ్నం కండువాలు అప్పగించి ఇంటికి వచ్చి, కూతురు సరణ్యకు తన ఆలోచన చెప్పింది. సరణ్య మెడికల్ షాపులో పనిచేస్తుంది.

“ఆ గోవిందసామి జీపు మనింటి ముందుకే గదా మొదట వచ్చేది. ఇస్త్రీ పెట్టె నిండా నిప్పులు ఎర్రగా చేసి పెట్టుకుంటా. వాడి నెత్తిన కుమ్మరిస్తా. ఆపైన జైలంటే జైలే.”

“ఐయో అమ్మా, వేండా, వద్దు! వాడికి కావాల్సింది అదే. తలకి కట్టు కట్టుకుని ఫోటో దిగుతాడు. ఊరంతా వాడికి అయ్యో పాపం అంటుంది. నువ్వు పుళల్ జైల్లో ఉంటే అవ్వని ఎవరు చూస్తారు?”

“మరేం చెయ్యమంటావే? దండెయ్యమంటావా?”

మంచం మీద నుంచి అమ్మాసి దగ్గింది. దగ్గు కాదు, నవ్వు. ఆ నవ్వు ఆ ఇంట్లో విని ఏడాది దాటింది.

“నిప్పులెందుకే పిచ్చిదానా? తప్పెట్లు కొట్టుకుంటా, టపాసులు కాల్చుకుంటా, మెళ్ళో దండలేసుకుని, పూలు చల్లించుకుంటా వస్తా ఉండాడు గదా వాడు. ఇంక తక్కువేముండాది? వాడు దాటినాక వెనక నీళ్ళు పొయ్యండి.”

ముందు సరణ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నేల మీద కూలబడి పొట్ట పట్టుకుంది. అలివేలుకు నవ్వు రాలేదు. బతికుండగానే వాడికి వీధి మొత్తం శవానికి చేసే మర్యాద చెయ్యడం! నిప్పులు పోస్తే ఒంటి మీద మచ్చ పడుతుంది, మానుతుంది. ఇది మానదు.

“అత్తా, నీకు బంగారు పల్లు కట్టిస్తా,” అంది.

ఇస్త్రీ చేసే మనిషికి వీధిలో మూయని తలుపంటూ ఉండదు. మంగళవారం, బుధవారం గుడ్డల మూటలు ఇచ్చేటప్పుడల్లా ప్రతి గుమ్మంలో రెండు మాటలు చెప్పింది. ఒక బిందె నిండా పెట్టుకోండి. వాడు మీ వాకిలి దాటాకే పొయ్యండి. అరవకండి, తిట్టకండి, చచ్చినా నవ్వకండి. నవ్వితే చెడిపోతుంది.

కొందరు భయపడ్డారు. కొందరు అప్పుడే బిందె తోమడం మొదలెట్టారు. ముత్తురాజ్ తల్లి చిన్నపొన్ను మాత్రం మూట తీసుకుని తలుపేసుకుంది. 

గుడి దాటగానే మొదటి ఇల్లు జయంతిది. ఆమె మొగుడు చిన్నస్వామి సేన మనిషి, ఆరోజు కుర్చీ పక్కన నిలబడినవాడు. ఆ గుమ్మంలో చెప్పాలా వద్దా అని అలివేలు తటపటాయిస్తుంటే జయంతే అడిగింది. “నాకు చెప్పవా అక్కా?”

“మీ ఆయన…”

“ఆయన సంగతి నేను చూసుకుంటా. అక్కా, ఆ పొద్దు నేను నిండు బిందె పట్టుకుని ఈడే నిలబడుండా. అన్న వస్తాడు, వెనక నీళ్ళు పోద్దామని. మీరు రాలా. ఆ నీళ్ళు లోపలికి తీసకపోయి ఏం చెయ్యాల్నో తెలవలా నాకు. మా పంపు బాగుజేసిందీ అన్నే గదా.” అలివేలు ఆమె చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది.

గురువారం పదింటికి జీపు వీధిలోకి తిరిగింది. ముందు తప్పెట్లు, వాటి ముందు టపాసులు. జీపులో నిలబడి గోవిందసామి. ఆరడుగుల మనిషి, మెడలో మూడు బారుల చామంతి దండ. సేన కుర్రాళ్ళు ఇస్త్రీ మడత చెదరని కండువాలు వేసుకుని, ముందు నడుస్తూ బుట్టల్లోంచి పూలరేకులు చల్లుతున్నారు. శవాల ముందు చల్లేదీ అవే రేకులని వీధిలో పుట్టినవాళ్ళకు తట్టొద్దూ? తట్టలేదు. జెండా చేతికొస్తే ముందు పోయేది బుర్రే.

గోవిందసామి అసలు ఈ వైపు మనిషి కాదు. నగరానికి దక్షిణాన ఎక్కడో పన్నెండో అంతస్తులో ఉంటాడు. అక్కడ శవాలు లిఫ్టులో దిగి అంబులెన్సులో పోతాయి. పక్క ఫ్లాటులో ఎవరు పోయారో వారానికి తెలుస్తుంది.

అలివేలు గుమ్మంలో నిలబడింది. జీపు ఎదురుగా రాగానే వాడు ఆమెకు రెండు చేతులూ జోడించాడు. గుర్తుపట్టలేదు! మొగుడి పెట్టెను మురుగులో తోయించినవాడికి ఆమె మొహమే గుర్తులేదు. ఆమె ఒళ్ళు భగ్గుమంది. అయినా తనూ చేతులు జోడించింది, పోయినవాళ్ళకు జోడించినట్టు. “పోయి రా నాయనా,” అంది. జీపు దాటింది. బిందె ఎత్తి గుమ్మం ముందు కుమ్మరించింది.

ఆ తర్వాత జయంతి వాకిలి. జీపు దాటిపోయింది. జయంతి కదల్లేదు. బిందె చంకలోనే ఉంది. జీపు పక్క నుంచి చిన్నస్వామి పెళ్ళాం వైపు గుడ్లురిమి చూశాడు. జయంతి మొగుడి కళ్ళలోకి చూస్తూ, తొందరేం లేకుండా, బిందె మొత్తం ఒంపింది.

ఇక ఆగలేదు. మూడో వాకిలి, నాలుగో వాకిలి. వరసగా నీళ్ళ చప్పుడు జీపును వెంబడించింది. ముత్తురాజ్‌కు అప్పుడు అర్థమైంది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. తన ఇంటి ముందుకు వచ్చేసరికి చిన్నపొన్ను బిందెతో సిద్ధంగా ఉంది.

“అమ్మా! ఏందిమా ఇది?”

“వాకిలి కడుక్కుంటా ఉండా. నీకేందిరా?” అని పోసింది చిన్నపొన్ను. కొడుకు కాళ్ళు కూడా తడిశాయి.

వాడు నాయకుడికి చెప్పాలా? ఏమని చెప్తాడు? అయ్యా, మీరు పోయారని వీధి అనుకుంటోంది అనా? నోరు మూసుకుని నడిచాడు. గోవిందసామి నీళ్ళ చప్పుడు విని వెనక్కి తిరిగాడు. ముప్పై గుమ్మాల్లో ఆడవాళ్ళు, తడిసిన వీధి. వాడి కళ్ళు చెమర్చాయి. మైకు అందుకున్నాడు. నీళ్ళకు ఇంత కటకటగా ఉన్న వీధిలో నా తల్లులు నా కోసం బిందెలు బిందెలు పోసి దారి కడుగుతున్నారు, ఈ రుణం నేను తీర్చుకోలేను, అన్నాడు. వినడానికి ఎవరూ వాకిట్లో మిగల్లేదు. అందరూ గబగబా లోపలికి పోయి తలుపులేసుకున్నారు. తలుపుల వెనక ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.

సాయంత్రానికి సేనవాళ్ళే ఆ వీడియో పెట్టారు. ‘వీధి కడిగి స్వాగతం పలికిన తల్లులు’ అని పెద్ద అక్షరాలు. మొదట అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. తర్వాత ఉత్తర చెన్నై మేలుకుంది. “అన్నా, ఎప్పుడు పోయావు? కబురైనా పెట్టలేదే,” అని ఒకడు. “పెద్దకర్మ భోజనాలు ఎక్కడ?” అని ఇంకొకడు. “మనిషి చురుగ్గా ఉన్నాడు, పోయినట్టే లేడు,” అని మరొకడు. తప్పు తెలిసి వీడియో తీసేసేలోపు అది ఊరంతా పాకిపోయింది. సరణ్య ఒక్కో మాటా చదివి వినిపిస్తుంటే అమ్మాసి మంచం మీద ఎగిరెగిరి నవ్వింది. అలివేలు మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

మర్నాడు తిరువొత్తియూరులో చేపలమ్మే ఆడవాళ్ళు వాడి జీపు వెనక గంపల నీళ్ళు ఒంపారు. చింతాద్రిపేటలో వాడు అద్దాలెత్తిన కార్లో వచ్చినా వదల్లేదు, మేడ మీద నుంచి మగ్గుతో పోశారు. ఒక ఇన్‌స్పెక్టరు నల్లబావి వీధికి వచ్చి, ఎవరు మొదలెట్టారని గద్దించాడు.

“వాకిలి కడుక్కోడానికి పర్మిషన్ ఎవుర్నడగాల సార్?” అంది అలివేలు, కాలర్ మీద ఇస్త్రీ పెట్టె తోస్తూ. ఆయన ఏదో రాసుకున్నాడు. వీధి మలుపు తిరిగాక ఆయన నవ్వడం టీ కొట్టువాడు చూశాడట.

గోవిందసామి ఓడిపోయాడు. ఎన్ని ఓట్లతో అని అలివేలు రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

అది జరిగిన ఇరవై రోజులకు ఒక తెల్లవారుజామున అమ్మాసి నిద్రలోనే పోయింది. అలివేలుకు మొదట గుర్తొచ్చింది దుఃఖం కాదు, ఒట్టు. ఊరంతా నవ్వినంత మాత్రాన దారి వదులుతాడా గోవిందసామి? ఓడినవాడికి పరువు నిలబెట్టుకోవాలనే పట్టు ఇంకా ఎక్కువ.

అనుకున్నట్టే, పెట్టె గుడి దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా గోవిందసామి. ఈసారి కుర్చీ లేదు, నిలబడ్డాడు. వెనక ఏడెనిమిది మంది. చిన్నస్వామి లేడు, జయంతి ఆ పూట మొగుణ్ణి లోపలి గదిలో పెట్టి గొళ్ళెం పెట్టింది. ముత్తురాజ్ ఉన్నాడు గానీ, కండువా జేబులో ఉంది.

“ఈ దారిన పోవడానికి లేదు. పోయినసారి చెప్పాను కదా, సందులోంచి పొండి,” అన్నాడు గోవిందసామి.

పాస్టరు ఆగిపోయాడు. మోసేవాళ్ళు పెట్టెను ఇంకో భుజానికి మార్చుకున్నారు. అలివేలు ముందుకొచ్చి వాడికి ఎదురుగా నిలబడింది. ఆమె చేతిలో ఏమీ లేదు. 

“నేను పోను. మా అత్తకు మాటిచ్చినా. సాయంత్రం దాకా నిలబడమన్నా నిలబడతా,” అంది.

వీధి తలుపు గొళ్ళెం తీసిన చప్పుడైంది. జయంతి గుమ్మంలోకి వచ్చింది, చంకలో బిందె. దాని పక్క వాకిలి తెరుచుకుంది. తర్వాతది. చిన్నపొన్ను వచ్చింది. చూస్తుండగానే మెయిన్ రోడ్డు దాకా ముప్పై గుమ్మాల్లో ముప్పై బిందెలు. అందరూ గోవిందసామిని చూస్తున్నారు.

గోవిందసామి వెనక్కి తిరిగి వీధి పొడుగునా చూశాడు. కారు మెయిన్ రోడ్డులో ఉంది. అక్కడికి పోవాలంటే ముప్పై వాకిళ్ళు దాటాలి. ఒక్కో వాకిలి దాటగానే ఒక్కో బిందె. అప్పటికే నలుగురైదుగురు ఫోన్లు పైకెత్తారు.

“అమ్మా, ఎప్పుడు పోస్తారు?” అని మేడ మీద నుంచి ఒక చిన్నపిల్ల గట్టిగా అడిగింది.

“ఉండుమే, ఆయన్ని నడవనీ,” అంది జయంతి.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. సేన కుర్రాళ్ళలోనే ఒకడి ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గోవిందసామి వాణ్ణి చూశాడు. వాడు తల దించుకున్నాడు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. ముత్తురాజ్ మెల్లగా పక్కకు జరిగి గుడి అరుగు మీద కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు వాడి వెనకే జరిగారు. రోడ్డు మధ్యలో ఆరడుగుల మనిషి ఒక్కడే మిగిలాడు. ముందు పెట్టె, వెనక బిందెలు.

మిగిలింది కాలవ సందు. అందులో వాకిళ్ళు లేవు, బిందెలూ లేవు.

వాడు పంచె రెండు చేతులతో పైకి పట్టుకుని సందులోకి దిగాడు. మొదటి అడుగుకే చెప్పు మురుగులో కూరుకుపోయింది. దాన్ని అక్కడే వదిలేసి నడిచాడు. గోడ పట్టుకుని, ఒక పక్కకు వాలి, ఆనంద్‌రాజ్ పెట్టె పోయినట్టే పోయాడు. అలివేలు కన్నార్పకుండా చూసింది. కడుపు నిండా చూసింది.

తర్వాత జయంతి దగ్గరికి వెళ్ళి బిందె అందుకుంది. సందు మొగదలకు వచ్చి మొత్తం కుమ్మరించింది. వీధి గొల్లుమంది. వాడి వెనకే పోసిందనుకున్నారు అందరూ. సగం వాడి కోసమే. మిగతా సగం పదమూడు నెలలకు పైగా బాకీ ఉన్న నీళ్ళు, ఆ దారిన దాహంతో పోయిన ఆనంద్‌రాజ్‌కు.

ఖాళీ బిందె జయంతి చేతికిచ్చి వెనక్కి వచ్చింది.

“ఎత్తండి,” అంది.

పెట్టె గుడి దాటింది. అలివేలు దాని పక్కనే నడిచింది. వెనక జయంతి బిందె నింపడానికి పంపు దగ్గరికి పరిగెత్తిన చప్పుడు, పంపు కీచుమన్న చప్పుడు. ఆ తర్వాత మొదటి బిందె గుమ్మం ముందు పడింది. రెండోది పడింది. అలివేలు వెనక్కి తిరగలేదు. ఒక్కో వాకిలీ లెక్కపెట్టుకుంటూ నడిచింది. తొమ్మిదో బిందె చప్పుడు విన్నాక పెట్టె అంచు పట్టుకుని బావురుమని ఏడ్చింది.